మాస్టారి రెండో బ్రేకు

డ్రైవింగు నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద. ఆ రెంటినీ కలుపుతూ అడుగున ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. మాస్టారు తొక్కితే అవతలి పెడలు కూడా దానంతటదే కిందికి దిగుతుంది. ఇది ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి కథ. అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారు అంటారు. అసలు పేరు ఆయన భార్యకి, కరెంటు బిల్లుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

ఆ కుడికాలు కారు దిగినా ఊరుకునేది కాదు. సినిమా హాల్లో తెర మీద లారీ ఎదురొస్తే ముందు సీటుని ఒక్క తన్ను తన్నేవారు. ముందు సీటాయన వెనక్కి తిరిగి గుడ్లురిమితే, "మీరే చూడండి, అంత స్పీడులో మలుపు తిప్పొచ్చా?" అని ఆయన్నే అడిగేవారు. బస్సెక్కితే దిగేలోపు ఆయన కాలు డ్రైవరు కాలి కన్నా రెండింతలు పనిచేసేది. బడలికతో ఇంటికొచ్చేవారు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. "రోడ్డు మీద కనిపించేవాటితో భయం లేదురా. కనిపించనిదే కొంప ముంచుతుంది. ఆగి ఉన్న బస్సుని చూడకు, దాని ముందునుంచి దిగొచ్చే మనిషిని చూడు. ఆ మనిషి ఇంకా రాలేదంటావా? అదే నేను చెప్పేది. రాకముందే చూడు." ఇంట్లో కూడా ఇదే తంతు. నాలుగు గొడుగులు, మూడు టార్చిలైట్లు, రెండు కళ్ళజోళ్ళు, వాటిని బిగించే చిన్న స్క్రూడ్రైవరు, అది పోతే ఇంకొకటి. ఏ ఊరికి బయల్దేరినా సంచీ సర్దడం చూసి భార్య, "మనం వెళ్ళేది పెళ్ళికా, యుద్ధానికా?" అనేది.

శిష్యులందరికీ ఆఖరి వారంలో ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. దానిపేరు 'అనుకోనిది'. సోమవారం పొద్దున్నే చెప్పేవారు. "ఈ సోమవారం నుంచి శుక్రవారం లోపల ఒకరోజు, నువ్వు అనుకోని రోజున, ఒకటి జరుగుతుంది. ఏం జరుగుతుందని అడక్కు. ఎప్పుడని అంతకన్నా అడక్కు." జరిగేది పెద్దగా ఏమీ లేదు. ఆయన బావమరిదికి పక్క వీధి మలుపులో పంక్చరు కొట్టు ఉంది. మాస్టారు రెండువేళ్ళు కిటికీలోంచి బయటపెట్టిన రోజున, అతను పాత స్కూటరు టైరు ఒకటి రోడ్డు మీదికి దొర్లించేవాడు. టైరుని గుద్దకుండా ఆగినవాడు పాసు. ఇంతమందికి నేర్పితే, నా శిష్యులెవరూ ఎవర్నీ గుద్దలేదని మాస్టారు ఛాతీ విరుచుకుని చెప్పుకునేవారు. నిజమే కూడా.

అటువంటి మనిషి సొంత భార్యకి యాభై ఏళ్ళొచ్చేదాకా కారు నేర్పలేదు. "ఎక్కడికెళ్ళాలన్నా నేనున్నాగా" అని దాటేస్తూ వచ్చారు. ఆవిడ లెక్కల టీచరు. ఆవిడకి హెడ్మిస్ట్రెస్ పదవి పదకొండేళ్ళు ఎదురుచూశాక వచ్చింది, అదీ ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న బడికి. బడి ఎనిమిదిన్నరకి తెరుస్తారు. అటు వెళ్ళే మొదటి బస్సు పదింటికి. వచ్చే నెల మొదటి సోమవారం చేరకపోతే, జాబితాలో తర్వాత పేరున్న ఆవిడని పిలుస్తారు.

"నేను దింపుతాను" అన్నారు మాస్టారు.

"పొద్దుటిపూట మీ పాఠాలో?"

"మానేస్తాను."

"మానేసి తింటామా? పైగా హెడ్మిస్ట్రెస్‌ని రోజూ మొగుడు దింపి, బుద్ధిగా ఉండు అని టాటా చెప్పి వెళ్తే పిల్లలు నవ్వరూ? నాకు నేర్పండి. షెడ్డులో పాత కారుందిగా, దాన్ని నేను తీసుకెళ్తాను."

నేర్పారు. ఇరవై రోజులు నేర్పారు. ఆవిడ స్టీరింగు ముచ్చటగా పట్టింది, గేర్లు తడుముకోకుండా మార్చింది. మాస్టారు మనసులోనే మురిసిపోయారు. పరీక్ష రోజున మాత్రం, ఇన్‌స్పెక్టరు తన కారులో పక్కన కూర్చుని "ఆపండి" అన్నచోట ఆవిడ ఆగలేదు. గుర్తుకి పెట్టిన రబ్బరు కోనుని పదిగజాలు ఈడ్చుకుపోయి ఆగింది.

ఇన్‌స్పెక్టరు మాస్టారికి పాతికేళ్ళుగా తెలిసినవాడు. పక్కకి పిలిచి చెప్పాడు. "మాస్టారూ, అన్నీ బాగానే ఉన్నాయి. బ్రేకు దగ్గరే, ఎవరో వచ్చి వేస్తారన్నట్టు కూర్చున్నారు మీ ఆవిడ. వచ్చే శనివారం మళ్ళీ తీసుకురండి."

దారి పొడుగునా ఆవిడ బాధపడుతూనే ఉంది. "ఆ కారు బ్రేకు చచ్చేంత గట్టిగా ఉందండీ. మన కారులో అయితే కాలు ఆనించగానే దిగిపోతుంది కదా, అలాగే అనుకుని ఆనించాను. అది కదిలితేనా!"

మాస్టారు ఇంటికొచ్చి, ఆవిడ లోపలికి వెళ్ళగానే, నేర్చుకునేవాళ్ళ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి చూశారు. అది కూడా అన్ని కార్ల బ్రేకుల్లాగే గట్టిగానే ఉంది. కాలు ఆనించగానే దిగే బ్రేకు కాదది. ఆవిడ కాలు ఆనించేసరికే పక్క సీట్లోంచి ఎవరో దాన్ని సగం దించేస్తున్నారు. ఆ ఎవరో ఎవరో మాస్టారికి చెప్పక్కర్లేదు.

వేరే శిష్యులతో ఆ కాలు మర్యాదగానే ఉండేది. ఒక్క లిప్తపాటు వాళ్ళకి వదిలేది. వాళ్ళు తొక్కకపోతేనే తాను తొక్కేది. భార్య స్టీరింగు ముందు కూర్చునేసరికి ఆ లిప్తపాటు కాస్తా ఎగిరిపోయింది. ఆవిడకి అపాయం కనపడకముందే ఈయనకి కనపడటం, ఈయన ఆపెయ్యడం, తానే ఆపాననుకుని ఆవిడ సంబరపడటం. ఇరవై రోజులూ ఇదే జరిగింది. తొక్కుతున్నానని ఆయనకీ తెలీదు.

వెళ్ళి చెప్పేశారు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకి జరిపి, "అంటే ఇరవై రోజులూ కారు నడిపింది నేనా, మీరా?" అంది.

"స్టీరింగు పూర్తిగా నువ్వేనే టీచరమ్మా..."

"ఇంక మాట్లాడకండి."

గంటసేపు ఆవిడ కూరగాయలు తరుగుతూనే ఉంది. ఆ గంట మాస్టారికి ఒక యుగంలా గడిచింది. పదకొండేళ్ళు ఎదురుచూసిన కుర్చీ తన కాలి మూలంగా పోతుందేమోనని మొదటిసారి భయం పట్టుకుంది. చివరికి ఆవిడే వచ్చి, "సరే, ఐదు రోజులున్నాయి. ఏం చేద్దాం?" అని అడిగింది.

"అందరికీ చేసేదే. 'అనుకోనిది' పెడతాను. అదొచ్చినప్పుడు నేను కాలు కదపను, నువ్వే ఆపాలి. సోమవారం నుంచి శుక్రవారం లోపల, నువ్వు అనుకోని రోజున."

లెక్కల టీచరుతో అనవలసిన మాట కాదది. ఆవిడ గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి పెన్సిలు తీసింది.

"గురువారం సాయంత్రం దాకా ఏమీ జరగలేదనుకోండి. మిగిలింది శుక్రవారమే. అప్పుడది నేను అనుకున్న రోజే అవుతుంది. కాబట్టి శుక్రవారం కుదరదు." శుక్రవారం కొట్టేసింది. "శుక్రవారం పోయింది కాబట్టి ఆఖరిది గురువారం. బుధవారం దాకా జరగకపోతే గురువారమని నాకు తెలిసిపోతుంది. అదీ పోయింది. ఇదే లెక్కన బుధవారం, మంగళవారం, సోమవారం." వరసగా కొట్టేసి పెన్సిలు చెవి పక్కన పెట్టుకుంది. "అసలు జరగనే జరగదు. నా దగ్గర మీ పప్పులుడకవు."

మాస్టారు కాసేపు క్యాలెండరు వంకే చూశారు. ఆయన చదివింది తక్కువ. కానీ ఏదో తేడా ఉందని మాత్రం అనిపించింది.

"జరగదని తేల్చేశావా?"

"తేల్చేశాను."

"ఏ రోజూ జరగదని నీకు నమ్మకమేనా?"

"నూటికి నూరుపాళ్ళు."

"మరైతే ఏ రోజు జరిగినా నువ్వు అనుకోనిదే కదే!"

ఇరవై ఆరేళ్ళ సంసారంలో లెక్కల్లో ఆయన గెలిచింది అదొక్కసారే. వారం పొడుగునా ఆ సంగతి ఆయనే ఆవిడకి గుర్తుచేస్తూ వచ్చారు.

గెలుపు సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు ఆయన దగ్గరే ఉంది. టైరు ఏ రోజు వస్తుందో ఆయనకి తెలిస్తే ఆ రోజు కాలు ఆగదు. అందుకని పంక్చరు కొట్టుకి వెళ్ళి బావమరిదికి చెప్పారు. "ఈసారి నేను వేళ్ళు చూపించను. ఏ రోజో, ఏ పూటో నీ ఇష్టం. నాక్కూడా చెప్పొద్దు."

బావమరిది ట్యూబుకి అతుకు వేస్తూ తలెత్తాడు. "నీకు తెలీకుండా నిన్ను అదరగొట్టమంటావు. అదరగొట్టమని నువ్వే చెప్పాక ఇంక అదిరేదేముంది బావా?"

"నీకెందుకు, చెప్పింది చెయ్యి."

"అక్కయ్యకి దెబ్బ తగిలితే?"

"టైరు తగిలితే దెబ్బేమిట్రా!"

"మరి నువ్వెందుకు ఇంత చెమటలు కక్కుతున్నావు?" అని అడిగాడు బావమరిది. మాస్టారు నుదురు తుడుచుకుని వచ్చేశారు.

సోమవారం మలుపు ఇంకా వంద గజాలుండగానే కారు నెమ్మదించింది. ఇప్పుడు ఆవిడకి గుట్టు తెలుసు కాబట్టి పెడలు దానంతటదే దిగడం పట్టేసింది. "ఏమండీ, కాలు!" అంది. "తీశాను, తీశాను" అన్నారు ఆయన. మంగళవారం పాలవాడి సైకిలుకీ, ఎండేసిన దుప్పటికీ, ఎవరి జోలికీ పోకుండా నిలబడ్డ కరెంటు స్తంభానికీ కూడా బ్రేకు పడింది. ఎప్పుడో తెలిస్తే ఆ ఒక్కపూటే తొక్కేవారు. తెలీకపోవడంతో అన్నిపూటలా తొక్కారు. ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది.

బుధవారం నిజంగానే టైరు వచ్చింది. కానీ అది రోడ్డెక్కకముందే కారు ఆగిపోయి ఉంది. కొట్టు గోడ అంచున బావమరిది మోచెయ్యి అంగుళం మేర కనిపించింది మాస్టారికి. అంతే చాలు. టైరు తీరుబడిగా దొర్లుకుంటూ వచ్చి, ఆగి ఉన్న కారు ముందు రెండు చుట్లు తిరిగి పడుకుంది. ముగ్గురూ దాన్ని చూశారు. ఆవిడ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకోవడం మాత్రం మాస్టారు చూశారు. ఆ రాత్రి ఆయనకి కంటిమీద కునుకు లేదు.

గురువారం పొద్దున్న ఆవిడ కారు తాళాలు చేతిలోకి తీసుకుని, "ఇవాళ టైర్లూ లేవు, పరీక్షలూ లేవు. చెప్పులు విప్పండి" అంది.

"ఎందుకు?"

"విప్పి, సీటు మీద మఠం వేసుకుని కూర్చోండి."

ఈ సంగతి రవాణా ఆఫీసులో తెలిస్తే డ్రైవింగు స్కూలు బోర్డు పీకేస్తారు. అయినా మాస్టారు గోదాముల వెనక ఉన్న ఖాళీ రోడ్డు దాకా తానే నడిపి, అక్కడ సీటు మారి, చెప్పులు విప్పి, వేళ్ళతో పాదాలు పట్టుకుని మఠం వేసుకున్నారు. ఆవిడ కారు కదిలించింది. ఇరవై కన్నా వేగం పెంచలేదు. అయినా ఆయనకి ప్రాణాలు అరచేతిలో ఉన్నట్టే ఉంది. కాళ్ళు అందని మనిషికి రోడ్డు చూడటం నరకం. రెండు నిమిషాలు ఓర్చుకుని, ఇక చూడలేక, ఆవిడ మొహం వైపు తిరిగారు.

కారులో పక్కన కూర్చున్న మనిషి మొహాన్ని ఆయన ఎప్పుడూ చూసి ఎరగరు. చూపు ఎప్పుడూ రోడ్డు మీదే. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. కింది పెదవి పళ్ళతో పట్టుకుంది, లెక్క తేలనప్పుడు పట్టుకున్నట్టే. ఎడమ కనుబొమ పక్కన చిన్న గీత. పెళ్ళైన కొత్తలో స్కూటరు మీద తీసుకెళ్తూ ఆయన నీళ్ళు నిండిన గుంట చూసుకోలేదు. మూడు కుట్లు పడ్డాయి. ఆవిడ వారానికే మర్చిపోయింది. ఆయన మాత్రం ఆ తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఇన్నేళ్ళుగా తాను కాపలా కాసింది ఈ మొహానికే కదా అనిపించింది. చెంపల దగ్గర ఇంత జుట్టు ఎప్పుడు నెరిసిందో కూడా గమనించలేదు. ఆయనకి తన మీద తనకే జాలేసింది.

ఉన్నట్టుండి కారు ఆగింది. మఠం వేసుకున్న మాస్టారు ముందుకి తూలి, నుదురు అద్దానికి తగలబోయి, సీటు బెల్టు వెనక్కి లాగేసరికి మళ్ళీ సీట్లో పడ్డారు.

"ఏమైంది? ఏమైందే?"

"ఏం లేదు. కుక్క."

"ఏదీ?"

"వెళ్ళిపోయింది."

రోడ్డు ఖాళీగా ఉంది. కుక్క ఏ వైపునుంచి వచ్చిందో, ఏ రంగుదో, ఎటు పోయిందో ఆయనకి తెలీదు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "నేనే తొక్కానండీ" అంది. "బ్రేకు గట్టిగానే ఉంది. అయినా తొక్కాను."

మాస్టారు మఠం విప్పబోతే తిమ్మిరెక్కిన కాళ్ళు మాట వినలేదు. ఆవిడ నవ్వుతూ ఆయన మోకాళ్ళు ఒకటొకటే కిందికి దించింది.

శుక్రవారం కూడా అలాగే కూర్చున్నారు. శనివారం ఇన్‌స్పెక్టరు "ఆపండి" అన్నచోట, గీత ఇంకా జానెడు దూరం ఉండగా ఆవిడ ఆపింది. కాగితం మీద సంతకం చేసి ఇస్తూ ఇన్‌స్పెక్టరు, "ఈ వారంలో ఏం నేర్పారు మాస్టారూ?" అని అడిగాడు. "నేనేం నేర్పలేదు" అన్నారు మాస్టారు. అతను దాన్ని వినయం అనుకున్నాడు.

సోమవారం ఏడుంపావుకి పాత తెల్లకారు షెడ్డులోంచి బయటికొచ్చింది. అప్పటికే మాస్టారు నాలుగు టైర్ల గాలీ చూశారు, రేడియేటరులో నీళ్ళు పోశారు, డిక్కీలో గొడుగూ టార్చీ నీళ్ళ సీసా పెట్టారు, ఇంకో గొడుగు పెట్టబోతే ఆవిడ లాగి పక్కన పడేసింది. "ఐదింటికల్లా వచ్చేస్తాను. దారిలో ఫోన్ చెయ్యకండి, ఎత్తను" అంది. కారులో ఫోను ఎత్తితే వేళ్ళు విరగ్గొడతానని నేర్పింది ఆయనే కాబట్టి తలూపారు.

ఆ రోజు పాఠాలకొచ్చిన కుర్రాళ్ళు ఏం చేశారో ఆయనకి తెలీదు. నాలుగున్నరకల్లా వీధి చివర నిలబడ్డారు, ఆవిడ వెళ్ళిన రోడ్డు వంక చూస్తూ. ఐదైంది. పంక్చరు అనుకున్నారు. అందుకు స్టెపినీ ఉంది. ఐదుంపావైంది. ఇంజను వేడెక్కిందనుకున్నారు. నీళ్ళ సీసా పెట్టాను కదా అనుకున్నారు. వాన లేదు. బడిలో మొదటి రోజు మీటింగు ఉండి ఉంటుంది. ఉంటే ముందే చెప్పేది కదా. ఐదున్నరకి, ఇంక అనుకోవడానికి ఏమీ మిగలక, అనుకోకూడనివి అనుకోవడం మొదలుపెట్టారు. అటునుంచి వచ్చే ప్రతి కారునీ చూశారు. తెల్లకారు ప్రతిదీ తనదే అనిపించింది, ఒక్కటీ కాలేదు. పంక్చరు కొట్టుకి పరుగెత్తి బావమరిది స్కూటరు అడుగుదామా అని రెండడుగులు వేసి, ఈలోపు ఆవిడ వస్తే అని వెనక్కొచ్చారు.

వీపు వెనక హారన్ మోగింది.

మాస్టారు జానెడెత్తు ఎగిరిపడ్డారు. కళ్ళజోడు జారి చేతిలో పడింది. తిరిగి చూస్తే, ఆవిడ వెళ్ళని వైపునుంచి వచ్చి, తెల్లకారు ఆయన మడమల దగ్గర నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచో నా కోసమే చూస్తున్నట్టున్నారు, ఇంత ఉలిక్కిపడతారేం?" అంది ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి.

"ఇటునుంచి వస్తావని ఎవరనుకున్నారు! అటు దారికేమైంది?"

"దారికేం కాలేదు. శుభ్రంగా ఉంది. మధ్యలో ఇంకో రోడ్డు చీలి పోతుంటే చూశాను. అదెటు పోతుందో చూద్దామనిపించింది. తిప్పాను."

"ఎటు పోతుందో తెలీకుండానే?"

"తెలిస్తే చూడ్డమెందుకండీ?"

పెట్రోలు ఎంతుందో చూసుకున్నావా, చీకటి పడుతోందని తోచలేదా, ఇక్కడ నా ప్రాణం ఎలా ఉంటుందో ఆలోచించావా. ఇవన్నీ మాస్టారి నాలుక చివరిదాకా వచ్చాయి. ఆవిడ జుట్టంతా గాలికి చెదిరి ఉంది. ఏ దుమ్మురోడ్డు మీద తిరిగిందో, కళ్ళజోడు మీద సన్నటి దుమ్ము. పాతికేళ్ళ క్రితం కూడా ఆవిడ మొహంలో ఇంత ఆనందం చూసిన గుర్తు లేదాయనకి. ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. తాను లేకుండా అంత సంతోషం ఎలా దొరికిందా అని కొంచెం కుళ్ళు కూడా అందులో ఉంది, అబద్ధమెందుకు.

కళ్ళజోడు తుడిచే వంకతో కళ్ళు తుడుచుకుని, "ఎలా ఉంది మరి ఆ దారి?" అని మాత్రం అడిగారు.

"ఇప్పుడే చెప్పేస్తే ఏం బావుంటుంది? ఎక్కండి, వెలుతురుండగానే వెళ్ళొచ్చేద్దాం" అంది ఆవిడ, పక్క సీట్లో ఉన్న హాజరు పట్టీలు తీసి వెనక్కి పడేస్తూ.

ఇంటి తలుపుకి తాళం కూడా వేయలేదని గుర్తొచ్చింది మాస్టారికి. అయినా ఎక్కి కూర్చున్నారు.